ఆయాసం

పొద్దున ఆ కబురు బయటికొచ్చిన దగ్గర్నుంచి అంబులెన్స్ కంట్రోల్ రూమ్‌లో ఫోన్లు ఊపిరి సలపనివ్వడం లేదు.

ర్యాప్ పాటగాడు పోయాడు. నిండా ముప్ఫై ఏళ్లు లేవు. ఉబ్బసం ఎక్కువైందనీ, చేతిలో ఇన్‌హేలర్ ఖాళీ అయిపోయిందనీ, ఆస్పత్రికి తీసుకెళ్లేలోపే అంతా అయిపోయిందనీ అతని మేనేజర్ టీవీలో కళ్లు తుడుచుకుంటూ చెప్పాడు. ఇంటికి తాళం వేశామనీ, అక్కడెవరూ లేరనీ, అభిమానులు దయచేసి రావద్దనీ బతిమాలాడు. రావద్దంటే ఎవరాగుతారు? మధ్యాహ్నానికల్లా ఆ వీధిలో ఇసుక వేస్తే రాలనంత జనం. ఎవరో స్పీకర్లు కూడా తెచ్చి అతని పాటలే మోగిస్తున్నారు.

కంట్రోల్ రూమ్‌లో మొదటి సీటు ఆవిడని అందరూ పెద్దక్క అంటారు. ఆ పాటగాడి గురించి ఆవిడకి తెలిసిందంతా కూతురి చలవే. పిండిమిల్లులో పనిచేసే తల్లి, మూటల వెనక పడుకోబెట్టి పెంచిన పిల్లాడట. ఆ పిండే ముక్కులోకీ గొంతులోకీ పోయి చిన్నప్పుడే ఉబ్బసం పట్టుకుందట. ఒక్క వరస కూడా పూర్తిగా పాడే దమ్ము లేదని బళ్లో పాటల మాస్టారు పక్కన కూర్చోబెడితే, దమ్ము అయిపోయేలోపే మాటలన్నీ గబగబా అనేయడం నేర్చుకున్నాడట. చరణం చివర వచ్చే ఆ ఆయాసం, ఆ పిల్లికూతలు, అవే అతని తాళమయ్యాయి. స్టేడియంలో అతను ఒక్కసారి ఎగపీలిస్తే వేలమంది కలిసి ఎగపీల్చేవాళ్లు. పెద్దక్క కూతురు కూడా రోజూ అద్దం ముందు నిలబడి అదే పని. మొదటిసారి విన్నప్పుడు ఆవిడ హడలిపోయి పిల్లని డాక్టర్ దగ్గరికి లాక్కెళ్లింది.

ఆ పిల్ల పొద్దున ఏడ్చుకుంటూ ఆ వీధికే వెళ్లింది. ఫోన్ ఎత్తడం లేదు. పెద్దక్క ప్రాణం అక్కడే కొట్టుకుంటోంది.

కబురు తెలిసిన కాసేపటికే ఒక ఫోన్ వచ్చింది. "నేనే, చావలేదు, ఊపిరాడట్లేదు" అని అచ్చం ఆ గొంతే, అదే ఆయాసం. పెద్దక్కకి ప్రాణం లేచొచ్చింది. పరుగున బండి పంపింది. తీరా చూస్తే ఎవరో కాలేజీ కుర్రాడు, ఆ ఇంటి గోడకానుకుని వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. ఎందుకిలా చేశావని డ్రైవర్ అడిగితే, అన్న ఇంకా ఉన్నాడని ఎవరో ఒకరు కాసేపైనా నమ్మాలనిపించిందన్నాడట.

తర్వాత అలాంటివాళ్లు వరసకట్టారు. ఆడపిల్లలు, మీసాలొచ్చినవాళ్లు, పిల్లల తండ్రులు కూడా. బండ్లన్నీ ఆ జనంలో ఇరుక్కుపోయాయి. ఈలోగా ఊరికి ఆ చివర గుండెనొప్పి వచ్చిన ముసలాయనకి బండి అందలేదు. ఆయన భార్యతో చివరిదాకా లైన్‌లో ఉన్నది పెద్దక్కే. ఇంచార్జి వచ్చి, ఇక ఆ ఇంటి అడ్రస్ చెప్పి ఎవరు ఎంత ఆయాసపడినా బండి కదలడానికి వీల్లేదని తేల్చేశాడు. పెద్దక్క తలూపి తర్వాతి ఫోన్ అందుకుంది.

పొద్దు వాలుతుండగా మళ్లీ మోగింది.

"అక్కా... ఊపిరి అందట్లేదు. ఆ ఇంట్లోనే... మేడమీద గదిలో ఉన్నా."

వెనక పాటల మోత. గొంతులో పిల్లికూతలు. పెద్దక్కకి ఒళ్లు మండిపోయింది. ఇన్‌హేలర్ అయిపోయిందట. బయట తాళం వేసుందట, ఎంత పిలిచినా ఎవరికీ వినబడట్లేదట. టీవీలో విన్నదంతా పొల్లుపోకుండా అప్పజెబుతున్నాడు.

"నేనే అక్కా," అన్నాడు.

"నువ్వే. తెలుసు. పొద్దుట్నుంచి నీకంటే బాగా ఆయాసపడినవాళ్లు చాలామంది ఫోన్ చేశారు."

అవతల ఊపిరి గీరుకుంటూ వస్తోంది. ఫోన్ కట్ చెయ్యబోయి ఆవిడ ఆగింది. తన కూతురూ ఇలాగే ఏ మూలో నిలబడి, ఎవరో పరాయివాళ్లని పట్టుకుని ఏడుస్తుంటుంది. ఆవిడ కోపమంతా దిగిపోయింది. ఆ మిగిలిన దిగులుని భరించడం ఇంకా కష్టమైంది.

"ఇంటికెళ్లు నాన్నా. మీ అమ్మ కంగారు పడుతుంటుంది."

"అమ్మకి చెప్పలేదక్కా... ఏడుస్తూ ఉంటుంది."

"అయితే ముందు అమ్మకి ఫోన్ చెయ్యి. నీకేం కాదు. నాతోపాటు పీల్చు. మెల్లగా."

ఆవిడ పీల్చింది. అతనూ పీల్చాడు. పక్కన లైట్లు వెలుగుతున్నా, ఇంచార్జి అద్దాల గదిలోంచి గుడ్లురుముతున్నా ఆవిడ ఆ లైన్ వదల్లేదు. ఒకరినైనా ఊరడించకపోతే ఈ రోజు ఇంటికెళ్లినా తనకి నిద్ర పట్టదు. చిన్నపిల్లాడికి చెప్పినట్టు పీల్చు, వదులు, పీల్చు, వదులు అని చెబుతూనే ఉంది. కొంతసేపటికి పిల్లికూతలు సన్నబడ్డాయి. ఆ తర్వాత ఆగిపోయాయి.

ఏడ్చి ఏడ్చి అలిసిపోయి నిద్రపోయి ఉంటాడు పిచ్చివాడు, అనుకుని పెద్దక్క లైన్ వదిలింది. అంతలో కూతురు ఫోన్ చేసింది. జనంలో చెప్పులు పోయాయనీ, ఇంటికి నడిచి వస్తున్నాననీ చెప్పింది. పెద్దక్క పొద్దుటినుంచి మొదటిసారి కుర్చీలో వెనక్కి వాలి కళ్లు తుడుచుకుంది.

ఎదుటి గోడమీద టీవీలో మేనేజర్ చెవులదాకా నవ్వుతూ, ఈ చావు కబురంతా కొత్త ఆల్బమ్ కోసం తామాడిన నాటకమనీ, మనవాడు పొద్దుటినుంచీ ఇంట్లోనే దాక్కున్నాడనీ ప్రకటించి, కెమెరాలన్నిటినీ వెంటేసుకుని మేడమీది గది తాళం తీశాడు.