ఏడు ముక్కల మాట

ఆపరేషన్ థియేటర్ అసిస్టెంట్ పోస్టుకి ఇంటర్వ్యూ చేసింది ఆస్పత్రి పరిపాలనాధికారినైన నేనే. వచ్చినావిడ పదహారేళ్ళుగా ఆ థియేటర్లోనే ఆయా.

"మత్తిచ్చే డాక్టర్ని ఏమంటారు?"

"మత్తు డాక్టరమ్మ అంటాం సార్."

పగలబడి నవ్వాను. "అ-న-స్తీ-షి-యా-ల-జిస్ట్. ఏడు ముక్కలు చేసి నోట్లో పెట్టాను. ఏదీ, అను!"

"అనస్తీ... అనస్తలి..."

ఉట్టికెక్కలేనమ్మ స్వర్గానికెక్కుతుందా? ఆవిడ పేరు కొట్టేసి, ఆ మాట గడగడా పలికినవాణ్ణి తీసుకున్నాను.

నెల తిరక్కుండానే నా హెర్నియా నన్ను అదే థియేటర్లో బల్ల ఎక్కించింది. నేను ఏరికోరి తెచ్చిన అసిస్టెంటు అన్నీ సిద్ధమన్నాడు. ఆయా మాత్రం గిన్నె పట్టుకుని నా దగ్గరికొచ్చింది.

"కట్టుడు పళ్ళుంటే ఇందులో వేయండి సార్. మత్తులో ఉండగా ఊడి గొంతుకి అడ్డం పడతాయి."

వాడికి ఆ సంగతే తట్టలేదు. పళ్ళు తీసిచ్చాను. బుగ్గలు లోపలికి పోయాయి. తలుపు వంక చూస్తూ పడుకున్నాను.

"ఎవరికోసం చూస్తున్నారు సార్?"

"అనఫ్... అనఫ్తీ..." గాలి తప్ప మాట రాలేదు.

ఆవిడ నవ్వలేదు. గిన్నె పట్టుకుని ఓపిగ్గా నిలబడింది.

"మత్తు డాక్టరమ్మ కోసం," అన్నాను.