అత్తగారి రాయి

"ఈ రాయి మీరు చూడలేదు, డోరీన్‌గారూ."

ఇమొజెన్ చేతిలో కార్డు పట్టుకుని నిలదీసింది. డోరీన్ వినబడనట్టు ఫ్లాస్కులోంచి టీ వంచుకుంది.

"చూడకుండా ఎలా రాస్తానమ్మాయ్?"

"నేనడిగేదీ అదే. రాయి నిండా తీగ అల్లుకునుంది. ఒక్క ఆకు కూడా తెగలేదు. మీ కార్డులో మాత్రం పేరూ వయసూ ముత్యాల్లా ఉన్నాయి."

సోమవారం కౌన్సిల్ మనుషులొస్తారు. హాలోబెక్ చర్చి వెనక ఒరిగిపోయిన సమాధిరాళ్ళన్నీ పీకి గోడవారన పేర్చేస్తారు. ఈలోపే ప్రతి రాయి మీదా ఉన్న ప్రతి అక్షరం కార్డుల్లోకి ఎక్కించుకోవాలని యూనివర్సిటీ నుంచి ఇమొజెన్ వచ్చింది. మిల్లుల్లో నలిగిపోయిన పిల్లలకీ, కలరాకి పోయినవాళ్ళకీ వేరే సాక్ష్యం లేదు, ఉన్నది ఈ రాళ్ళే. ఈ పనికి ఒకటే నియమం. కంటికి కనబడిందే రాయాలి, మనకు తెలిసింది రాయకూడదు. ఊళ్ళోంచి సాయానికి కొత్తగా వచ్చినవాళ్ళందరికీ ఈ నియమం నూరిపోసింది డోరీనే. ఇప్పుడు తనే దొరికిపోయింది.

"అది మా అత్తది. సెలీనా హెబ్డెన్," అంది డోరీన్. "ఆవిడ సంగతి నాకు రాళ్ళు చెప్పక్కర్లేదు."

తీగలు కత్తిరించే స్టాన్ పకపకా నవ్వాడు. అతనీ ఊరికి కొత్త. "ఇన్నేళ్ళయినా అత్త మీద కోపం పోలేదా? లేచొచ్చి దెప్పదులేమ్మా."

"నీకు తెలీదు. ఆవిడైతే వచ్చినా వస్తుంది. మా ఆయన క్లిఫ్ ప్రతి ఆదివారం పూలు పట్టుకుని ఇక్కడికొచ్చేవాడు. నన్నూ రమ్మనేవాడు. నేను గేటు దాటితే ఒట్టు."

"అంత ఏం చేసిందావిడ?" అన్నాడు స్టాన్.

డోరీన్ టీ కప్పు పక్కన పెట్టేసింది.

"నాకు బిడ్డ చచ్చి పుట్టింది. మంచం పక్కన నిలబడి ఆవిడ అన్న మాట, 'ఏడ్చింది చాలు, ఇంకోళ్ళు పుడతారు'. పుట్టలేదు. ఆ వారంలోనే ఆవిడా గుండె ఆగి పోయింది. నేనింకా ఆస్పత్రిలోనే ఉన్నా. ఇంట్లో ఉన్నా వెళ్ళేదాన్ని కాదు."

స్టాన్ నవ్వు ఆగిపోయింది. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"మరి బిడ్డని ఎక్కడ...?" ఇమొజెన్ మెల్లిగా అడిగింది.

"తెలిస్తే ఈ వయసులో మోకాళ్ళ మీద ఎందుకు పాకుతాను? ఆ రోజుల్లో తల్లికి చూపించేవాళ్ళు కాదమ్మా. ఆ మాటే ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు. నర్సు గుడ్డలో చుట్టి పట్టుకుపోయింది. మగపిల్లాడైతే మార్టిన్, ఆడపిల్లైతే జూడిత్ అనుకున్నాం. ఏ పేరు పెట్టి ఏడవాలో కూడా నాకెవరూ చెప్పలేదు. క్లిఫ్‌ని అడిగితే 'ఒంటరిగా లేదులే' అని లేచెళ్ళిపోయేవాడు. ఇప్పుడు అడగడానికి అతనూ లేడు."

ఆమె ఈ పనిలో చేరింది చరిత్ర కోసం కాదు. చిన్న రాయి కనబడితే చాలు, ముందు దాన్నే తడి బ్రష్షుతో కడిగేది. చూపు ఆనని చోట వేళ్ళతో తడిమేది. చర్చి చుట్టూ రాళ్ళన్నీ అయిపోయాయి. బిడ్డ ఆచూకీ ఎక్కడా లేదు. మిగిలింది ఈ ఒక్కటే.

"సరే, చూడకుండా ఈ కార్డు ఎలా రాశారు?"

"చెక్కించే ముందు క్లిఫ్ వంటింట్లో నిలబడి, కాగితం మీద రాసుకున్నది చదివి వినిపించాడు."

"మొత్తం విన్నారా?"

"మొత్తమా! 'ప్రియమైన తల్లి' దగ్గరే చేతిలో పళ్ళెం నేలకేసి కొట్టా. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. మళ్ళీ తియ్యలేదు."

"అయితే ఇది సగం కార్డే. మీరు వద్దంటే నేనే చేస్తా." ఇమొజెన్ గట్టి బ్రష్షు ఒకటి అందుకుంది.

"ఆ బ్రష్షుతోనా? రాయి తోలు ఊడిపోతుంది. ఇలా తే." డోరీన్ విసురుగా మెత్తటిది లాక్కుని మోకాళ్ళ మీద కూర్చుంది. స్టాన్ తీగలు కోస్తుంటే నీళ్ళు చల్లి రుద్దింది. అక్షరాలు ఒక్కొక్కటే తేలాయి. ఆమె పేలాపిండిలా పొడిగా చదువుకుంటూ పోయింది.

"సెలీనా హెబ్డెన్. వయసు అరవై ఎనిమిది. క్లిఫర్డ్‌కి ప్రియమైన తల్లి. అయిపోయింది. నా కార్డులో ఏం తప్పుంది?"

"రాయి కుంగిందండీ. గడ్డి కింద ఇంకో వరుస ఉండొచ్చు. గడ్డి తీసి చూడమని అందరికీ చెప్పేది మీరే కదా."

డోరీన్ విసుక్కుంటూ తాపీ గుచ్చి గడ్డిపెళ్ళ పైకి లేపింది. "ఇంకేముంటుంది, మహాతల్లి అనుంటుంది," అని గొణిగి తడిమట్టిని చొక్కా చేతితో తుడిచింది. చిన్న అక్షరాలు. కళ్ళజోడు సర్దుకుంది.

"ఆమె చేతుల్లో..." అని చదివి ఆగిపోయింది.

"ఆమె చేతుల్లో... ఊఁ, తర్వాత?" ఇమొజెన్ పెన్సిలు పట్టుకుని ఎదురుచూసింది.

డోరీన్ మిగిలిన అక్షరాల మీద వేలు పెట్టి, ఒకసారి చివరిదాకా వెళ్ళి, మళ్ళీ మొదటికొచ్చింది. ఆమె భుజాలు అదిరిపోతుంటే ఇమొజెన్ కార్డు పడేసి పక్కన కూలబడి తనే చదివింది.

"ఆమె చేతుల్లో, మార్టిన్."