లాకుల దగ్గర చప్పుడు

“ఆ ఇంజను దింపడానికి వీల్లేదు. దింపితే నేనిక్కణ్ణుంచి కదల్ను,” అంటూ సంపూర్ణమ్మ లారీ ముందు చక్రానికి ఆనుకుని నిలబడిపోయింది.

మండపేట రోడ్డులో పల్లంరాజు మెకానిక్ షెడ్డు అది. పాత చిన్న లారీ బానెట్టు ఎత్తి ఉంది. పైనుంచి వేలాడుతున్న గొలుసును అప్పటికే ఇంజనుకు బిగించేశారు. లారీ యజమానీ, డ్రైవరూ తనే అయిన ఆవిడ కొడుకు శ్యాంబాబు తల పట్టుకున్నాడు.

“ఏంటమ్మా నీ గోల? లోడుతో వంతెన ఎక్కాలంటే బండి వెనక్కి జారిపోతోంది. కొత్త బండి కొనే స్తోమత మనకెక్కడిది? తుక్కు యార్డులో పెద్ద ఇంజను చవగ్గా దొరికింది.”

“ఎవరి బండిదిరా అది? యాక్సిడెంటైన బండిదేమో, ఎవరి ఉసురు పోసుకుందో!”

“అలాంటిది కాదండి సంపూర్ణమ్మగారూ,” పల్లంరాజు నవ్వాడు. “ఆ బండికి బాడీ తుప్పు పట్టిపోయింది. ఇంజను మాత్రం నిక్షేపంలా ఉంది.”

“పోనీ, ఇంత బలమైనది పెడుతున్నారు గదా, మా బండికున్న ముసలి బ్రేకులు దాన్ని ఆపగలవా?”

పల్లంరాజు నవ్వు ఆగింది. “ఆ మాట నేనూ చెప్పానండి. బ్రేకులు కూడా మార్పించాలి.”

“మార్పిద్దాంలెండి. ముందు నాలుగు లోడ్లు తిరగనివ్వండి,” అన్నాడు శ్యాంబాబు.

ఆవిడ కొడుకు చెయ్యి పట్టుకుంది. “అది కాదురా. ఆ చప్పుడు పోతే నువ్వొస్తున్నావని నాకెలా తెలుస్తుంది?”

ఊరి చివర కాలవ లాకుల మీది వంతెన ఎక్కేటప్పుడు ఆ బండి ముసలాయనలా రెండుసార్లు దగ్గి, సన్నగా ఈల వేసినట్టు మూలిగేది. అది చెవిన పడ్డాకే సంపూర్ణమ్మ పులుసు పొయ్యి మీద పెట్టేది. కొడుకు కాళ్లు కడుక్కొచ్చేసరికి కంచంలో పొగలు లేస్తుండేవి. వినపడేదాకా మాత్రం ఆవిడ మనసులో ఆ బండి కాలవలో పడుతూనే ఉండేది.

“ఫోనుంది కదమ్మా!”

“ఎత్తితేగా నువ్వు!”

పల్లంరాజు ఆవిణ్ణి మెల్లగా పక్కకి తప్పించాడు. “పాతదాన్ని పారెయ్యనండి. అదిగో, ఆ మూల టార్పాలిన్ కప్పిన బండికి వేస్తాను. అది పరుగెత్తక్కర్లేదు, నిదానంగా నడిస్తే చాలు.”

సంపూర్ణమ్మ అటు చూడలేదు. గొలుసుకు వేలాడుతూ పైకి లేస్తున్న ఇంజనునే చూస్తూ చీర కొంగు నోట్లో కుక్కుకుంది.

పెద్ద ఇంజను లారీని మెత్తగా లాక్కుపోయేది. లాకుల దగ్గర దగ్గూ లేదు, మూలుగూ లేదు. శ్యాంబాబు గుమ్మంలోకి వచ్చి “అమ్మా” అనేదాకా ఆవిడకి తెలిసేది కాదు. “దొంగలా వస్తావేంట్రా!” అని ఉలిక్కిపడి, చల్లారిన పులుసు వడ్డిస్తూ కళ్లు తుడుచుకునేది.

దాళ్వా పంట కోతలై ధాన్యం మిల్లులకు పోతున్న రోజులు. ఆ ఉదయం కొవ్వూరు లోడు.

“బ్రేకులు చేయించావా?”

“ఈ లోడు దించొచ్చాక తప్పకుండా చేయిస్తాను. రాత్రికి ఆలస్యమైతే మిల్లు దగ్గరే పడుకుంటాను. నువ్వు కూర్చుని భయపడకు.” సీట్లోకి ఎక్కినవాడు ఆవిడ ముఖం చూసి నవ్వాడు. “అబ్బా, సరే! ఆ పల్లంరాజుగారిని బతిమాలి నీ పాత ఇంజనే మళ్లీ ఎక్కించుకొస్తాను. ఇంకా మూతి ముడుస్తావేంటి?”

రాత్రికి రాలేదు. మర్నాడు ఫోన్ చేస్తే స్విచాఫ్. సంపూర్ణమ్మ పొయ్యి దగ్గరికీ గుమ్మం దగ్గరికీ తిరుగుతూనే ఉంది.

మధ్యాహ్నం పాస్టరు అబ్రహాముగారు వచ్చి గుమ్మం ముందు నిలబడ్డారు. ప్రార్థన రోజు కాదు. చేతిలో బైబిలూ లేదు.

“ఏంటండయ్యగారూ ఈ వేళప్పుడు? మావాడికి గాని...”

ఆయన కళ్లద్దాలు తీశారు. “అమ్మా, సంపూర్ణమ్మా...” అని ఆగిపోయారు.

అప్పుడు వినపడింది. లాకుల వంతెన దగ్గర రెండు దగ్గులు. ఆ వెనకే, సన్నగా ఈల వేసినట్టు మూలుగు.

సంపూర్ణమ్మ ముఖం విప్పారింది. “విన్నారాండీ? మావాడే! అన్నంత పనీ చేశాడు, పాత ఇంజనే పెట్టించేశాడు! మిమ్మల్ని చూసి ఏదేదో అనుకున్నానండి, నా పాడు బుద్ధి!”

“అమ్మా, ఒక్క నిమిషం నా మాట వినండి...”

“వింటానండి, ముందు పులుసు పెట్టనివ్వండి. నిన్నట్నుంచీ ఏం తిన్నాడో ఏంటో. మీరూ వాడితోపాటు రెండు ముద్దలు తినాలి.”

ఆయన గుమ్మం పట్టుకుని అలాగే ఉండిపోయారు. పొయ్యి రాజుకుంది. కంచంలో అన్నం పడింది. ఇన్నేళ్లలో మొదటిసారి ఆవిడ మనసులో ఆ బండి కాలవలో పడలేదు. చప్పుడు లాకులు దాటింది, చర్చి సందు తిరిగింది, దగ్గరపడింది. సంపూర్ణమ్మ పొగలు లేస్తున్న కంచం పట్టుకునే గుమ్మంలోకి పరుగెత్తింది.

బండి ఇంటి ముందు ఆగింది. ఇంజను శ్యాంబాబుదే. బండి మాత్రం ఆ రోజు పల్లంరాజు షెడ్డులో టార్పాలిన్ కప్పి ఉంచినది. దాని తెల్లటి ఒంటి మీద నల్ల శిలువ, ఆ కింద పెద్ద అక్షరాలతో ‘అంతిమయాత్ర’.