బండి ర

ఎవరో పెద్దాయన నాంపల్లి సందులో నిలబడి నవత షాపు బోర్డును ఫోటో తీస్తున్నాడు.

ఒకటి కాదు, మూడు ఫోటోలు. అదీ అక్షరాలకు బాగా దగ్గరగా ఫోన్ పెట్టి.

లోపల కూర్చున్న నవత పని ఆపి అటే చూసింది.

పోయిన వారం అబిడ్స్‌లో తనలాంటి ఒక డీటీపీ షాపుకు ఇలాగే ఎవరో వచ్చి ఫోటోలు తీసుకున్నారట. దొంగ సాఫ్ట్‌వేర్ వాడుతున్నారని మర్నాడు పోలీసులతో వచ్చి కంప్యూటర్లు ఎత్తుకుపోయారట. నవత దగ్గర బిల్లు ఉన్న వస్తువంటూ ఏదైనా ఉంటే అది మౌస్ ఒక్కటే.

"ఏం గావాలె సార్?"

"ఏం లేదమ్మా. అక్షరాలు మంచిగ కనబడ్డయ్. ఏ ఫాంటది?"

అయిపోయింది, అనుకుంది నవత.

"నాకు తెల్వదు సార్. బోర్డు చేసినోళ్లను అడగాలె."

ఆ బోర్డు చేసింది తనే.

సరిగ్గా అప్పుడే స్క్రీన్ మీద బాణం గుర్తు ఆగిపోయింది. పొద్దుటి నుంచి ఇది ఐదోసారి.

అది కంపెనీ కంప్యూటర్ కాదు. కోఠిలో కొన్ని, అబిడ్స్‌లో కొన్ని భాగాలు కొనుక్కొచ్చి తమ్ముడు ఎల్లేష్ ఇంట్లో కూర్చొని బిగించింది. పాత తెలుగు మాటల నిఘంటువు పేజీలు ఆ సాయంత్రం ఆరింటికల్లా ప్రెస్‌కు చేరాలి. లేకపోతే పని ఇంకొకరికి ఇస్తామని ప్రెస్ వాళ్లు మొహం మీదే చెప్పేశారు. సొంతంగా షాపు పెట్టుకున్నాక నవతకు వచ్చిన మొదటి పుస్తకం అది. మూడు నెలల కష్టం. ఆమెకు ఏడుపొక్కటే తక్కువ.

పెద్దాయన గడప దాటి లోపలికి వచ్చాడు. "హ్యాంగైందా బిడ్డా?"

"రోజూ గిదే లొల్లి. మా తమ్ముడు ర్యామ్ మార్చిండు, పవర్ సప్లై మార్చిండు, విండోస్ రెండుసార్లు ఏసిండు. ఏ ప్రోగ్రామ్ తెరిచినా గింతే."

అనుమానం ఉన్నా నోరు ఆగలేదు మరి.

"ఇంగ్లిష్ పనికి ఆగుతదా?"

నవత ఆలోచించింది. "లే."

"తెలుగుల అన్ని పేజీలకు ఆగుతదా?"

"లే సార్. నిన్న 'గుఱ్ఱము' కాడ ఆగింది. ఇయ్యాల 'చెఱువు' కాడ."

"బండి ర ఉన్నకాడనే ఆగుతున్నది. ఇప్పుడెవ్వరు రాస్తలేరు గద దాన్ని, గందుకే ఇన్నేండ్లు బయటపడలే. తప్పు మిషన్‌ది గాదు బిడ్డా, ఫాంట్‌ది. ఎక్కడికెళ్లి తెచ్చిన్రు దీన్ని?"

వచ్చింది అసలు ప్రశ్న.

"కొన్నం సార్. బిల్లు ఇంట్ల ఉన్నది."

"బిల్లు గూడ ఉన్నదా!"

ఆయన పడీ పడీ నవ్వాడు. ఆ నవ్వు నవతకు అస్సలు నచ్చలేదు.

ఆయన జేబులోంచి పెన్‌డ్రైవ్ తీశాడు. "జర జరుగు, బంద్ చేసి మల్ల ఆన్ చేస్త. జల్దీనే అయితది."

సాక్ష్యం కాపీ చేసుకుంటాడన్నమాట!

"కూసోండి సార్, చాయ్ తెస్త" అంటూ నవత బయటికి వచ్చి, తలుపు మూసి, చప్పుడు కాకుండా గొళ్లెం పెట్టింది.

మలుపులో ఇరానీ హోటల్లో ఎల్లేష్ దొరికాడు.

"సాఫ్ట్‌వేర్ కంపెనీవాణ్ని కంప్యూటర్ ముందల కూసోబెట్టి వచ్చినవా? నీకేమన్న పిచ్చా అక్కా?"

"గొళ్లెం పెట్టిన గదరా!"

"లోపల పెట్టి గొళ్లెం పెడితే వాని పని వాడు ఆరామ్‌గ చేస్కుంటడు!"

ఇద్దరూ పరుగున వచ్చి తలుపు తీశారు.

తెర నిండా ఒకే ఒక్క అక్షరం, బండి ర. దాని అంచుల వెంట చుక్కలు. పెద్దాయన మౌస్‌తో ఒక్కో చుక్కనూ పట్టుకుని జరుపుతూ ఒంపు సరిచేస్తున్నాడు.

"గొళ్లెం పెట్టినవా బిడ్డా? మంచిదైంది, ఎవ్వరు డిస్టర్బ్ చెయ్యలే" అన్నాడు తల తిప్పకుండానే. "గిది సగమే గీసి ఉండె. గిప్పుడు పూర్తయింది, మీ కంప్యూటర్లనే సేవ్ చేసిన."

"ఏ కంపెనీ నీది?" ఎల్లేష్ ఆయన భుజం పట్టి లేపాడు.

"కంపెనీ లేదు, ఏం లేదు బాబూ."

"మరి గిదేంది?" ఎల్లేష్ పెన్‌డ్రైవ్ పీకి, నేల మీద వేసి, మడమతో ఒక్కటి తొక్కాడు. అది రెండు ముక్కలైంది.

పెద్దాయన వంగి ఆ ముక్కలు ఏరుకున్నాడు.

"అండ్ల నా పని ఉండె" అని మాత్రం అన్నాడు. చెప్పులు తొడుక్కుని అబిడ్స్ వైపు నడిచాడు. జనంలో కలిసిపోయేదాకా అక్కాతమ్ముళ్లు వాకిట్లోనే కాపలా కాశారు.

నవత భయం భయంగా 'గుఱ్ఱము' కొట్టింది. ఆగలేదు. 'చెఱువు' కొట్టింది. ఆగలేదు.

"నేనేసిన ర్యామ్ గిప్పుడు సెట్టయింది" అన్నాడు ఎల్లేష్.

గొళ్లెం పెట్టిన చేతిని చూసుకుంటే నవతకు సిగ్గుగా ఉంది.

ఐదున్నరకు పేజీలన్నీ సిద్ధమయ్యాయి. ప్రెస్‌కు పేజీలతో పాటు ఫాంట్ కూడా పంపాలి. లేకపోతే అక్కడ తెలుగంతా డబ్బాలు డబ్బాలుగా కనబడుతుంది. సరైన ఫైలేనా కాదా అని నవత దాన్ని తెరిచింది.

ఫాంట్ ఎవరిదో రాసే గడి ఇన్నేళ్లూ ఖాళీగానే ఉండేది.

ఇప్పుడు అందులో ఒక వాక్యం ఉంది: 'ఈ అక్షరాలన్నీ గీసింది గోపాలరావు, నాంపల్లి, ఎవరైనా వాడుకోవచ్చు, ఎవరినీ అడగనక్కర్లేదు.'