పెళ్లివారి ఐసు

ఆ ఏడు వరంగల్లో ఎండ ఎట్లా కాసిందంటే, కాకులు ఎగరడం మానేసి గోడల నీడన నడిచిపోయేవి. నమ్మకపోతే మానండి. డెబ్బై తొమ్మిదిలో సంగతి.

అలాంటి ఎండలో ఐసుగడ్డకు హక్కుదారులు ఇద్దరే. పెళ్లివారు, చావువారు. ఇద్దరూ ఒకేసారి వస్తే పెళ్లివారు పక్కకు తప్పుకోవాలి. ఎవరూ రాయని చట్టం అది. కలెక్టరైనా దాటడు.

ఆ మధ్యాహ్నం కొమురెల్లి మట్టెవాడలో సోడా దుకాణాలన్నీ తిరిగాడు. పిడికెడు ఐసు దొరకలేదు. స్టేషన్ అవతల ఉన్న ఐసు ఫ్యాక్టరీకి ఉరికాడు. గేటు ముందు కట్టయ్య రిక్షాలో ఒకే ఒక్క దిమ్మె ఉంది, పొట్టు చల్లి, గోనెసంచి కప్పి.

“అది సారంగపాణి సారు బిడ్డ లగ్గానికి,” అన్నాడు మేనేజరు వెంకట్రాజం. “కరెంటు లేక మిషిను బందున్నది. రేపు రా.”

“రేపటిదాక ఆగది సార్, నీ బాంచెన్.”

“ఎందుకాగది? ఎవలికి?”

కొమురెల్లి రిక్షాలోని దిమ్మె వంక చూశాడు.

“మా సమ్మమ్మకు. నా పెండ్లాం. సచ్చిపోయింది సార్.”

ఆ మాట పలికిన నాలుకను అక్కడికక్కడే కోసి పారెయ్యాలనిపించింది అతనికి.

“అయ్యో! ఎట్లయిందే?”

“మిర్చి కల్లంల తాలుకాయ ఏరుకుంట పడిపోయింది. ఎండదెబ్బ. బిడ్డ భివండి నుంచి రావాలె. తల్లి మొఖం సూసుకోవాలె గద సార్.”

రిక్షా పక్కన నిలబడ్డ సారంగపాణి అంతా విన్నాడు. పెళ్లికూతురి తండ్రి. పొద్దున్నుంచి ఆ దిమ్మెకు కాపలా కాస్తున్న మనిషి.

“తీస్కపో తమ్మీ,” అన్నాడు. “మా వియ్యంకుడు ఉడుకు సర్బత్ తాగుతడు. గులిగితె గులుగనీ.”

అంతటితో ఆగక, భుజం మీది కొత్త తువ్వాల తీసి దిమ్మె మీద కప్పాడు. కొమురెల్లి ఆయన మొహం చూడలేకపోయాడు. వంగి కాళ్లు మొక్కాడు.

“ఇంటికేనా అన్నా?” అడిగాడు కట్టయ్య, రిక్షా ఎక్కుతూ.

“పెద్ద దవాఖానకు.”

“ఇంక శవాన్ని ఇంటికి ఇయ్యనే లేదా? సరే, నిమ్మళంగ పోదాం. పోయినామె యాడికి వోతది?”

“గట్టిగ తొక్కు తమ్మీ, నీ కాల్మొక్త!”

కొమురెల్లి రిక్షా ఎక్కకుండా వెనక నుంచి తోశాడు. దిమ్మె కరిగి నీళ్లు అతని పాదాల మీద పడుతున్నాయి. కాలే రోడ్డు మీద అవొక్కటే చల్లన. ఆ చల్లదనం తగిలినప్పుడల్లా అతను ఇంకా గట్టిగా తోశాడు.

రైలు గేటు పడింది.

వచ్చింది గూడ్సు బండి. దాని ముందు డబ్బా కాజీపేట చేరినా వెనక డబ్బా ఇంకా బెజవాడలోనే ఉన్నట్టుంది. కొమురెల్లి గేటు పట్టుకుని ఊపాడు. గేటుకేం తెలుసు? తన చొక్కా విప్పి దిమ్మె మీద కప్పాడు. తన నీడ కూడా దాని మీదే పడేటట్టు వంగి నిలబడ్డాడు.

మక్కకంకులు అమ్మే మొగిలమ్మ దగ్గరికి వచ్చి, కట్టయ్యను అడిగి, సంగతి తెలుసుకుంది.

“ఏడువకు కొడుకా. పసుపుకుంకుమలతోని పోయింది. అదురుట్టమంతురాలు.”

“ఊకో అవ్వా!” అని అరిచాడు కొమురెల్లి.

“పాపం, మతి దప్పింది,” అంది మొగిలమ్మ, తన కళ్లూ తుడుచుకుంటూ. ఆగిన బండ్లవాళ్లంతా అతని కోసం దారి ఇచ్చారు. గేటు లేవగానే నలుగురు చెయ్యేసి రిక్షాను పట్టాలు దాటించారు.

దవాఖాన చేరేసరికి దిమ్మె సగమైంది. దాన్ని ఎద మీద ఎత్తుకుని వార్డులోకి పరుగెత్తాడు. డాక్టర్ సుందర్ రావు సమ్మమ్మ మంచం పక్కనే నిలబడి ఉన్నాడు.

“ఇంతసేపా?” అన్నాడు. “పడ్డప్పుడు ఏమన్నా తగిలి నెత్తురు పోయిందా?”

“లేదు సార్.”

“గుండె జబ్బు గిట్ల?”

“లేదు సార్.”

“సరే, పగలగొట్టి గుడ్డలో చుట్టి మెడకు, చంకలకు పెట్టు,” అన్నాడు డాక్టరు, “కానీ ఆమెకు వణుకు పుడితే మాత్రం వెంటనే తీసెయ్యాలె, వణికిందంటే ఒంటి వేడి మళ్లీ పైకెక్కుతది.”

కొమురెల్లి పెళ్లివారి తువ్వాలలో ఐసు చుట్టి, ఇంకా ఊపిరాడుతున్న సమ్మమ్మ మెడకు ఆనించాడు.