కొత్త స్పీకర్లకు పాత గొంతు

"ఇంకా బాగులేనిది ఉన్నాదా బాబూ?" అన్నాడు కూర్మనాథం.

విజయనగరంలో ఆ సంగీత వాయిద్యాల కొట్టు పెట్టి ఇరవై ఏళ్లయింది. బాగా మోగే సరుకు చూపించమన్నవాళ్లే గానీ, బాగులేనిది కావాలని అడిగిన మనిషిని కొట్టు యజమాని అనంతకృష్ణ ఇంతవరకు చూడలేదు. పైగా ఆ మనిషి పంచె, ఉత్తరీయం, నుదుట నామంతో ఉన్న అరవై రెండేళ్ల గుడి పంతులుగారు. కొనడానికి వచ్చింది గిటార్ పెడల్.

అది సబ్బుపెట్టె అంత ఉంది. పాతకాలపు యాంప్లిఫయర్లు ఎలా మోగేవో ఆ మోతలన్నీ అందులో దూర్చారు. మీట తిప్పితే ఒక్కోదాని గొంతు వస్తుంది. కాలితో నొక్కితే పని మొదలుపెడుతుంది, మళ్లీ నొక్కితే ఊరుకుంటుంది.

అనంతకృష్ణ గిటార్ తగిలించి మరో రకం వాయించాడు. కొట్టంతా ఖంగుమంది.

"ఇదెలా ఉందండీ?"

"దారుణంగా ఉన్నాది. ఒక్కో తీగా విడివిడిగా వినబడిపోతన్నాది."

పక్కన కూర్చున్న భార్య జగదీశ్వరి ఇక ఊరుకోలేకపోయింది. "వినబడితే ఏటండీ నొప్పి?"

ఆయన మీటకేసి చూపించి, ఇంకా తిప్పమన్నాడు.

చీపురుపల్లిలో వాళ్ల వీధి గుడిలో తెల్లవారగానే మైకులో శ్లోకాలు చదివే సేవ కూర్మనాథం కుటుంబానిది. తండ్రి హఠాత్తుగా పోయేనాటికి కూర్మనాథం రాయగడ పాసింజర్లో జంతికలు అమ్ముకుంటున్నాడు. పెద్దలు వెతికి పట్టుకొచ్చి, కర్మలు కాగానే మైకు ముందు కూర్చోబెట్టారు. ముప్పై ఏళ్లుగా ఆ వీధి ఆయన గొంతుతోనే నిద్ర లేస్తోంది. చదివేటప్పుడు మడి అని చెప్పి మైకు గదిలోకి పురుగును కూడా రానివ్వడు. గోపురం మీద తుప్పుపట్టిన బాకా స్పీకర్ ఉండేది. దాని గరగరలోంచి 'గరుడ' అనో 'పార్వతి' అనో ఒక ముక్క చెవిన పడేది. అంతమాత్రానికే జనం మంచం మీదే లేచి కూర్చుని దండం పెట్టుకునేవారు.

హుద్‌హుద్ తుఫానుకు ఆ బాకా కాస్తా ఎగిరిపోయింది. వీధిలోని వర్తకులంతా కలిసి కొత్త స్పీకర్లు తెప్పించారు. గుడి కమిటీ ప్రెసిడెంటు గణపతిరావు నవ్వుతూనే చెప్పాడు.

"ఈటిల్లో సీమ నడిసినా ఇనబడతాది పంతులుగారూ. శుక్రవారం మీ శ్లోకంతోనే మొదలు. జనానికి నచ్చిందా, సరే. లేదంటే పెన్‌డ్రైవ్ ఎట్టేద్దాం. మీకూ పెద్దతనం వచ్చింది కదా."

ఆ మాట విన్నప్పటినుంచి కూర్మనాథానికి అన్నం సయించలేదు. ఆ సేవ పోతే ఆయన ఆ ఊళ్లో ఎవరూ కాదు. కొత్త స్పీకర్‌ను పాత స్పీకర్‌లా మోగించే పెట్టె ఒకటుందని, గిటార్ వాయించే మనవరాలు చరిత చెప్పింది. చెప్పి నవ్వింది. ఆయన నవ్వలేదు. మర్నాడే భార్యను వెంటబెట్టుకుని బస్సెక్కాడు.

"మీ గొంతుకేటైందండీ?" జగదీశ్వరి మళ్లీ అందుకుంది. "నిక్షేపంలా ఉన్నాది. ఇన్నాళ్లకు నలుగురూ సుబ్బరంగా వింటారు కదా."

"అదేనే నా భయం."

అనంతకృష్ణకు ఆయన మీద జాలి వేసింది. వయసుకు వణికే గొంతును దాచుకోవాలని ఎవరికుండదు? మీటను ఆ చివరిదాకా తిప్పాడు.

"ఇది చిరిగిపోయిన స్పీకర్ మోతండి. దీన్ని ఎవ్వరూ వాడరు. మైకు తగిలిస్తాను, మీరే పాడి చూడండి."

కూర్మనాథం గోడవైపు తిరిగాడు. మైకును నోటికి ఆనించుకుని, తలమీదుగా ఉత్తరీయం కప్పుకుని, లోగొంతులో రెండు పాదాలు చదివాడు. స్పీకర్ గరగరలాడింది.

ఉత్తరీయం తీసి అడిగాడు. "ఏటి చదివేనో తెలిసిందా బాబూ?"

అనంతకృష్ణ ఇబ్బందిగా తల గోక్కున్నాడు. "ఏమీ అనుకోకండి. ఒక్క ముక్క కూడా తెలియలేదండి."

కూర్మనాథం కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఇదే కట్టియ్యి నాయనా. నువ్వు సల్లగుండాలి."

శుక్రవారం తెల్లవారేసరికి వీధివీధంతా గుడి ముందు చేరింది. గణపతిరావు జేబులో పెన్‌డ్రైవ్ సిద్ధంగా ఉంది. జగదీశ్వరి ముందు వరసలో కూర్చుని, కనబడిన దేవుడికల్లా మొక్కుతోంది.

కూర్మనాథం మైకు గది తలుపు వేసుకున్నాడు. పెడల్‌కు ముందుగా దండం పెట్టి, తర్వాత కాలి బొటనవేలితో నొక్కాడు.

కొత్త స్పీకర్లలోంచి ముప్పై ఏళ్ల పాత గరగర బయటికొచ్చింది. రాగం తెలుస్తోంది. భక్తి తెలుస్తోంది. మాట మాత్రం తెలియడం లేదు.

గణపతిరావు చెంపలు వేసుకున్నాడు.

"అదే గొంతు. ఇంత ఖరీదైన స్పీకర్లు కూడా ఈయన్నేటీ సెయ్యలేకపోయాయి," అని పెన్‌డ్రైవ్‌ను జేబులో ఇంకా లోపలికి తోసేశాడు. "ఈయన ఉన్నన్నాళ్లూ ఈ సేవ ఈయనదే."

పక్కనే పూలమ్మే జగ్గమ్మ కళ్లు ఒత్తుకుంది. "మనకర్థం కాదు గానీ బాబూ, ఇంటే సాలు, దినామూ ఎక్కడికో తీసుకుపోయి దింపినట్టుంటాది."

తలుపు సందులోంచి ఆ మాటలు విన్న కూర్మనాథం గుండె కుదుటపడింది. గట్టిగా ఊపిరి పీల్చుకుని, తనకు నోటికి వచ్చిన ఒకే ఒక్క శ్లోకంలోని ఆఖరి పాదాన్ని నిర్భయంగా అందుకున్నాడు:

"సీతానగరం, పార్వతీపురం, గుమడ, కూనేరు, జిమిడిపేట, లడ్డ, రాయగడ... పాసింజరు ఇక్కడితో ఆఖరు, దిగాలమ్మా దిగాలి."