అచ్చెన్న మేస్త్రీతో పోకరు

"రెండు ముక్కలు మారుస్తాన్రా," అంటూ అచ్చెన్న మేస్త్రీ రెండు రాజుల్ని బల్ల మీద వెల్లకిలా పడేశాడు.

మూడు రాజుల్ని ఏరికోరి ముసలాయనకి పంచింది సన్యాసే. ఆ ముక్కలతో ఈ ఆట కళ్ళు మూసుకుని గెలవొచ్చు.

"మేస్త్రీబాబూ! రాజుల్ని పారీసినారేటి?"

"ముగ్గురు రాజులు ఒక్క ఇంట్లో ఉంటే కొట్టుకు సావరేట్రా?" అని ముసలాయన నవ్వాడు. నవ్వు దగ్గులోకి దిగింది. తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని, తీశాక గబుక్కున మడిచేశాడు. ఆ నెత్తురు మరక సన్యాసి కంట పడనే పడింది.

రంగూనులో ఇంకో వానాకాలం ఆయన దాటడని డాక్టరు ఖరాఖండీగా చెప్పేశాడు. విశాఖపట్నం ఓడ పొద్దున్న ఏడింటికి. ఆ తర్వాతది మళ్ళీ పదిహేను రోజులకి. అప్పటికి వానలు పట్టుకుంటాయి. ఓడ ఛార్జీకీ, అక్కడ వైద్యానికీ అని సన్యాసి రెండొందల రూపాయలు పట్టుకుని మౌల్మేన్ నుంచి వచ్చాడు. పేకాట అతని బతుకుతెరువు. మిల్లు యజమానుల దగ్గరా, ఓడ దొరల దగ్గరా గెలిచి తింటాడు. ఓడిపోవడానికని ఊరు కదలడం మాత్రం ఇదే మొదలు.

చేతికిచ్చేస్తే పోయేదానికి ఇంత తిప్పలెందుకంటారా? అయ్యో, అచ్చెన్న మేస్త్రీని మీరెరగరు! తాను ఓడెక్కించి తెచ్చిన కూలీ చేతికింద మేస్త్రీ చెయ్యి పెట్టడమంటే, ఆ రేవులో చావుకన్నా పెద్ద మాట. నిన్న సన్యాసి టిక్కెట్టు కొని తీసుకెళితే ముక్కముక్కలుగా చింపేశాడు. "నా కూడు తిన్నోడివి, నాకు పెడతావేట్రా?" అని కసిరాడు. అందుకే ఈ ఆట. ఆటలో గెలిచింది ఎవరి దానమూ కాదు కదా.

నిజమే, ఆ కూడు తిన్నాడు. బియ్యం బస్తా మీదపడి భుజం విరిగితే, పనికిరాని కూలీని ఏ మేస్త్రీ అయినా గెంటేస్తాడు. అచ్చెన్న మూడు నెలలు కూర్చోబెట్టి మేపాడు. ఆ మూడు నెలల్లోనే సన్యాసి ఓడ సరంగుల దగ్గర పోకరు నేర్చాడు, అదీ దొంగచాటుగా. కూలీలుండే బారకాసులో పేకముక్క కనబడితే మేస్త్రీ చేతులు విరగ్గొట్టేవాడు మరి! అలాంటి మనిషికి ఈ సాయంత్రం ఏది పెద్ద ముక్కో, ఏది చిన్నదో ఓపిగ్గా చెప్పి కూర్చోబెట్టాడు.

ఆట టీకొట్టు పైన ధర్మరాజు నడిపే పేకాట గదిలో. ధర్మరాజు మూల కుర్చీలోంచి చూస్తున్నాడు. ఆట సాగుతుండగా బయటివాళ్ళు నోరు విప్పకూడదన్నది ఆ గది కట్టుబాటు. పెట్టింది అతనే.

పది రూపాయలతో కూర్చున్న ముసలాయన్ని సన్యాసి నానా తంటాలు పడి వందకి చేర్చాడు.

"ఇంక సాలు బాబూ, లేచిపోండి. ఓడ టైమవుతాది."

"గెలిచినోడు లేచిపోతే పద్దతేట్రా? పంచు."

"అయితే మీరే పంచండి. మీ చెయ్యి మంచిది."

ముసలాయన పేక అందుకున్నాడు. ముక్కలు చేతిలోంచి జారి గదంతా చెల్లాచెదురయ్యాయి. "నావల్ల కాదురా," అన్నాడు.

సన్యాసి ఏరుకొచ్చి తనే పంచాడు. ఈసారి నాలుగు ఆసులు పంచాడు. నాలుగు ఆసుల్ని పాడుచెయ్యడం ఎవడి తరం? తొంభై రూపాయలు కాశాడు. ముసలాయనా తొంభై తోశాడు.

"ఎన్ని మారుస్తారు బాబూ?"

"ఒక్కటీ మార్చను."

హమ్మయ్య! సన్యాసికి పోయిన ప్రాణం లేచొచ్చింది. ఇంక మిగిలింది ముక్కలు తిప్పడమే. అంతలో ముసలాయన ఆవులించి, అయిదు ముక్కల్నీ బోర్లా పెట్టేశాడు.

"వదిలీసినాన్రా. నిద్దరొస్తంది."

వదిలేస్తే డబ్బంతా ఎదుటివాడిదే.

"వదలకండి బాబూ! మీ కాళ్ళు మొక్కుతాను, ఒక్కసారి ముక్కలు సూసుకోండి!"

"సూసుకున్నాన్రా."

కిటికీలో తెల్లవారింది. రేవులో ఓడ కూత వేసింది. ముసలాయన మిగిలిన పది రూపాయల్ని రొంటిన దోపుకుని లేచాడు. సన్యాసి తల మీద చెయ్యి వేశాడు.

"రాత్రంతా నాతో కూకున్నావు. అది సాలు నాకు."

మెట్లు దిగి, రేవు వైపు కాకుండా బారకాసు వైపు తిరిగాడు. ఆయన దగ్గు సందు చివరిదాకా వినబడింది. సన్యాసి బల్ల మీద తల వాల్చి భోరుమన్నాడు.

"ఓడిపోదామనే వొచ్చినాను ధర్మరాజూ! తెల్లార్లూ ఆడి ఓడిపోలేకపోయినాను. ఆట రాని మనిషిని గెలిపించడం ఎవడి వల్లవుతాది?"

ధర్మరాజు అప్పటికి నోరు విప్పాడు.

"ఆట రాని మనిషా? నాకు పోకరు నేర్పిందే ఆయన."